ఫైల్లో మూడో వరుస

అనంతపురం, సుభాష్ రోడ్డు.
కుట్టుమిషన్ల షాపు మీద మా ఆఫీసు.
కింద టకటక, పైన టకటక.
బోరు మోటార్ల స్టార్టరు పెట్టెల్లో
మేం రాసిన నాలుగువేల వరుసలు ఉంటాయి.
కరెంటు ఏ జామున వచ్చినా
రైతు లేవకుండా మోటారు లేవాలి, అదీ మా పని.

ఆ వరుసల్ని చిప్పుకి తెలిసే భాషలోకి దంచిపోసే కంపైలరు
తొమ్మిదో వెర్షను.
ఫైల్లో మూడో వరుసలో ఉంది ఆ అంకె.
రాసినవాడు తిప్పేస్వామి. ఇప్పుడు లేడు, బళ్లారిలో టైర్ల షాపు పెట్టినాడు.
పోతా పోతా పక్కన ఒక కామెంటు:
"దీన్ని ముట్టుకోవద్దండప్పా. పని చేస్తాంది."

ఆరేళ్లు ముట్టుకోలేదు.
పది వచ్చింది, పదకొండు, పన్నెండు.
వాకిట్లో నిలబడి పిలిచి పిలిచి పోయినాయి.
మేం లోపల ఊపిరి బిగబట్టి కూచున్నాం,
చీటీల వసూలుకి వచ్చినవాళ్ల ముందు కూచున్నట్టు.

కొత్తగా చేరిన రిజ్వానా మొదటిరోజే అడిగింది:
"ఇంకా తొమ్మిదేనా మేడం?"
ఆమె లాప్‌టాప్‌లో పద్నాలుగు.
ఆమె రాసింది నా దగ్గర నిలబడదు.
నాది ఆమె దగ్గర కేకలు పెడుతుంది.
మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బాలో ఉగ్గాని తింటాం,
సాయంత్రానికి మళ్లీ తగువు.

ఓనరు వన్నూరప్ప శెనక్కాయల మండీ నుంచి వచ్చినాయన.
కంపైలరంటే ఏందో ఆయనకు అక్కర్లేదు.
"కదిరి ఆరు విత్తనం వచ్చినప్పుడు
మా నాయన నాలుగేండ్లు నమ్మలా.
పక్కోని చేను సూస్తా కూచున్యాడు.
ఐదో ఏడు గట్టుకాడ రెండు సాళ్లు ఏసినాడు."
రెండేనా?
"రెండే. పోతే రెండు సాళ్లే గదమ్మా పోయేది."

ఆ రాత్రి మూలనున్న పాత మిషన్లో
పద్నాలుగుతో దంచి చూసినాం.
రెండువందల పన్నెండు హెచ్చరికలు.
చెరుగుతా పోతే చాలావరకు లొట్టకాయలు.
ఒకటి మాత్రం గింజ ఉన్నది:
"నీళ్లున్నాయా" అని మేం పేరు పెట్టుకున్న గుర్తు.
దానికి విలువ ఇవ్వకముందే దాన్ని నమ్ముతున్నాం.
ఆ చోట మెమరీలో మామూలుగా సున్నా ఉంటుంది.
మామూలుగా.

రిజిస్టరు తీసినాను.
పోయిన ఎండాకాలం కూడేరు దిక్కు మూడు మోటార్లు కాలినాయి,
అడుగున నీళ్లు లేని బోర్లలో తిరిగి తిరిగి.
ఎదురుగా కారణం, నా చేతిరాతే:
"లో ఓల్టేజి."

రిజ్వానా కుర్చీలోంచి లేచింది: "ఇప్పుడే మార్చేద్దాం మేడం!"
ఉండు తల్లీ.
తప్పు దిద్దేది ఒకరోజు, కంపైలరు మార్చేది ఇంకోరోజు.
రెండూ కలిపి చేస్తే
రేపు ఏదన్నా కాలితే ఎవరిని అడగాల?
ముందు తొమ్మిదిలోనే దిద్దినాం.
మూడు ఊర్లు తిరిగి, పెట్టెలు విప్పి, ఎండలో పెన్‌డ్రైవ్ పట్టుకుని.

ఇక పద్నాలుగు ఎప్పుడు?
మే నెలలో వద్దు, ప్రతి మోటారూ ప్రాణం మీదికి తెచ్చుకునే కాలం.
తొలకరి పడి, నేల పదునెక్కి,
మోటార్లు కాస్త పడుకున్నప్పుడు, అన్నాను.
ఆ పిల్ల పకపకా నవ్వింది:
"అనంతపురంలో వానను నమ్మి తేదీ పెడతారా?"
నిజమే.
క్యాలెండరు మీద రాసినాం: జూలై మూడో సోమవారం,
వాన వచ్చినా రాకున్నా.
అంతవరకు గట్టుకాడ రెండు పెట్టెలు,
ఒకటి వన్నూరప్ప తోటలో, ఒకటి రిజ్వానా మేనమామ తోటలో.

నిన్న చిన నాగన్నకు ఫోను చేసినాను.
కాలిన మూడింటిలో రెండోది ఆయనది.
"అది ఓల్టేజి కాదు నాగన్నా. తప్పు మాదే.
రివైండింగు ఖర్చు ఇస్తాం."
అటుపక్క మేకలు అరుస్తున్నాయి.
చాలాసేపటికి అడిగినాడు,
"ఇప్పుడు నా పెట్టెలో ఉండేది పాతదా, కొత్తదా?"

పాతదే నాగన్నా, అన్నాను.
దిద్దిన పాతది.